అదృష్టం, ఛాన్సు, షాన్స్: తడ పొలిమేర నుంచి కొన్ని పలుకుబళ్ల చరిత్ర

ఇంగ్లీషు నేర్చుకొనే ఫ్రెంచివారికి తొలినాళ్లలోనే ఎదురయ్యే చిక్కులలో ‘ఛాన్స్’ ఒకటి. వారి భాషలోనూ అవే అక్షరాలతో ఆ మాట ఉంది. పలకడం ‘షాన్స్’ అని, అర్థం అదృష్టం. ఇంగ్లీషులో ‘ఛాన్స్’ అంటే ప్రధానంగా అవకాశం, సంభావ్యత, యాదృచ్ఛికత. యాదృచ్ఛికతకు ఫ్రెంచివారు వాడే మాట ‘అజార్’. దానితో పుట్టుక పంచుకొన్న ఇంగ్లీషు ‘హజార్డ్’ ఈనాడు ప్రమాదాన్ని సూచిస్తుంది. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు జతలు రెండు భాషలలో చోట్లు మార్చుకొన్నాయి. అందుకే ఫ్రెంచివారి కోసం రాసిన ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలలో అదృష్టవాచక పలుకుబళ్లకు తరచుగా ప్రత్యేక స్థానం దక్కుతుంది.

తెలుగు పరిశోధకులు ఈ విషయాన్ని పరాయివారి గొడవగా చూడనవసరం లేదు. తెలుగు ‘ఛాన్సు’ను ఇంగ్లీషు నుంచి తెచ్చుకొంది, ‘లక్కు’నూ తెచ్చుకొంది. అప్పటికే అదృష్టం, దైవం, విధి, యోగం, ప్రాప్తం, భాగ్యం, రాత అనే మాటలు తెలుగులో ఉన్నాయి. ఇన్ని ఉండగా కొత్తవి ఎందుకు నిలిచాయి? పాతవాటిలో ఏ అర్థానికి చోటు లేకపోయింది? ఈ ప్రశ్నలను తడ పరిసరాల నుంచి పరిశీలించడానికి చారిత్రక కారణాలున్నాయి.

తడ ఆంధ్రప్రదేశ్‌కు దక్షిణపు గడప. జాతీయ రహదారి 16 మీద దానిని దాటితే ఆరంబాక్కం, అక్కడి నుంచి తమిళనాడు. 2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం ఆనాటి నుంచి తిరుపతి జిల్లాలో చేరింది. తూర్పున పులికాట్ సరస్సు ఉంది. ఆ సరస్సు దక్షిణపు కొసన పళవేర్కాడులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టుకొన్నారు. ఉత్తరాన దుగరాజపట్నంలో, నాటి ఐరోపా పటాలలోని ఆర్మగాన్‌లో, ఇంగ్లీషువారు 1620ల నడుమ వర్తకస్థావరం నెలకొల్పారు. మద్రాసు పుట్టుకకు కారకుడైన ఫ్రాన్సిస్ డే పనిచేసింది అక్కడే. ఫ్రెంచివారు 1669లో మచిలీపట్నంలో అడుగుపెట్టారు. తరువాతి శతాబ్దంలో వారి జెసూయిట్ మతబోధకులు పుంగనూరు ప్రాంతంలో తెలుగు నేర్చుకొంటూ తిరిగారు. ఆ వర్గానికి చెందిన కూర్దూ తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చాడు. ఓడ సరుకు లాభమా నష్టమా అన్నది గాలివాలును బట్టి తేలే కాలం అది. ‘వెంచర్’, ‘హజార్డ్’, ‘రిస్క్’ అనే మాటలు ఆ వర్తకుల ఖాతాభాష. ఇంగ్లీషు ‘లక్’ కూడా 15వ శతాబ్దంలో డచ్చి లేదా దిగువ జర్మను మాండలికాల నుంచి, బహుశా జూదగాళ్ల నోట, ఇంగ్లీషులోకి వచ్చిన మాటే. ‘లక్’ను ఇచ్చిన భాషాకుటుంబంవారూ దానిని పుచ్చుకొన్నవారూ ఒకే సరస్సుకు రెండు కొసల కాపురమున్నారన్నది కేవలం కాకతాళీయం. ఈ వ్యాసానికి అంతకంటె తగిన మాట దొరకదు.

పడడం, తగలడం, పారడం

‘ఛాన్స్’కు మూలం పడడం అనే అర్థం గల లాటిన్ ధాతువు. పాచిక పడిన తీరే ఛాన్స్. ‘యాక్సిడెంట్’, ‘కేస్’ కూడా ఆ ధాతువు సంతానమే. ‘అజార్’ అరబ్బీలో పాచికను చెప్పే మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది నిరుక్తకారుల అభిప్రాయం. అంటే ఐరోపావారి అదృష్టభావన జూదపు పలక మీద పుట్టింది. ఏదైనా వేళకు కుదిరితే ఫ్రెంచివారు ఈనాటికీ ‘బాగా పడింది’ అనే అర్థం వచ్చేలా అంటారు.

తడకు దక్షిణంగా తమిళంలోనూ ఇదే ఊహ కనిపిస్తుంది. లాటరీలో బహుమతి వస్తే తమిళులు ‘పరిసు విళుందదు’ అంటారు, బహుమతి పడిందని. ఉత్తరంగా తెలుగులో ‘లాటరీ తగిలింది’ అంటారు. తమిళనాడు ప్రభుత్వం 1968లో సొంత లాటరీ మొదలుపెట్టి, 2003 జనవరిలో లాటరీలన్నిటినీ నిషేధించింది. ఆ ముప్పై అయిదేళ్లూ సరిహద్దుకు ఒక పక్క పడుతూ మరొక పక్క తగులుతూ వచ్చింది ఒకే రకం చీటీ. పడడంలో పైనుంచి కిందికి దిగే గతి ఉంది, పడేచోటికి ప్రాధాన్యం లేదు. తగలడంలో ఎవరికి తగిలిందన్నదే ముఖ్యం. ‘వెతకబోయిన తీగ కాలికి తగిలినట్లు’ అన్న సామెతలో వెతికేవాడు ఉన్నాడు, వాడి నడక ఉంది, కాలు ఉంది. తీగ ఎక్కడికీ కదలలేదు.

తెలుగులో పడే సామెతలు లేవని దీని అర్థం కాదు. ‘రొట్టె విరిగి నేతిలో పడ్డట్లు’, ‘తంతే బూరెల బుట్టలో పడ్డట్లు’ అందరికీ తెలిసినవే. వాటిలో పడే ముందు ఒక చిన్న అపజయం జరగడం గమనించాలి. రొట్టె విరుగుతుంది, మనిషి తన్ను తింటాడు. నష్టం లాభంగా మలుపు తిరిగిన క్షణాన్నే ఆ సామెతలు పట్టుకొంటాయి. ఇంగ్లీషు ‘లక్’లో ఈ మలుపు తప్పనిసరి కాదు. వెండి చెంచా నోట కరచుకొని పుట్టినవాడికి ఏ దెబ్బా తగలనక్కరలేదు. కాబట్టి బూరెల బుట్ట సామెతకు ద్విభాషా సంకలనంలో ‘అదృష్టం కలిసివచ్చింది’ అని ఇంగ్లీషు సమానార్థకం ఇస్తే బుట్ట దక్కుతుంది, తన్ను పోతుంది.

జూదం నుంచి తెలుగు తీసుకొన్నది వేరు. ‘పాచిక పారింది’, ‘వాడి పాచిక పారలేదు’ అనేటప్పుడు తెలుగువారు అదృష్టం గురించి మాట్లాడరు, ఎత్తుగడ గురించి మాట్లాడతారు. ఐరోపాలో పాచిక యాదృచ్ఛికతకు గుర్తయితే తెలుగులో అది పన్నాగానికి గుర్తయింది. దీనికి భారతకథే కారణమని భావించడం సమంజసం. నన్నయ సభాపర్వం విన్న సమాజానికి పాచిక అనగానే శకుని గుర్తుకువస్తాడు, శకుని చేతిలో పాచిక యాదృచ్ఛికంగా పడదు. అదే నన్నయ ఆరణ్యపర్వంలో నలుడు అక్షహృదయం నేర్చుకొని పోయిన రాజ్యం తిరిగి గెలుస్తాడు. రెండు కథలలోనూ పాచిక విద్యకు లోబడినదే. అదృష్టాన్ని చెప్పడానికి తెలుగుకు పాచిక పనికిరాలేదు, పొలం పనికివచ్చింది. ‘వాడి పంట పండింది’ అన్నది అచ్చంగా రైతు నుడి. ‘వాడికి సుడి ఉంది’ అన్నదానికి మూలం పశువుల సంతలో వెతకాలి. గిత్తను కొనేవాడు దాని ఒంటి మీది వెంట్రుకల సుడులను, అవి ఉన్న చోటును చూచి, వచ్చే ఇంటికి మేలో కీడో తేల్చేవాడు. ఎద్దుకు చూచిన సుడిని తరువాత మనిషికీ అంటగట్టారు.

వైకుంఠపాళి ఒక్కటే ఇందుకు కొంత మినహాయింపు. నిచ్చెన ఎక్కడమూ పెద్దపాము నోట పడడమూ గవ్వల వల్లనే జరుగుతాయి. అయితే నిచ్చెనలకూ పాములకూ పుణ్యపాపాల పేర్లు పెట్టి, ఆ పందెపు పలకను కూడా కర్మసిద్ధాంతానికి చిత్రపటంగా మార్చుకొన్నారు.

కనబడనిది

‘అదృష్టం’ అంటే అక్షరార్థంలో కనబడనిది. మీమాంసకులు కర్మఫలాన్ని దృష్టమనీ అదృష్టమనీ విభజించారు. వడ్లు దంచితే బియ్యం రావడం దృష్టఫలం, యాగం వల్ల స్వర్గం రావడం అదృష్టఫలం. వైశేషికులు దానిని మరింత విస్తరించి, సూది అయస్కాంతం వైపు కదలడం వంటి, కారణం కంటికి ఆనని చలనాలకు కూడా అదృష్టమే హేతువన్నారు. ఈ రెండు సంప్రదాయాలలోనూ అదృష్టం నిర్హేతుకం కాదు. హేతువు ఉంది, కనబడదు, అంతే. కారణం లేకపోవడాన్ని చెప్పే మాట ‘యదృచ్ఛ’. జగత్కారణమేదన్న ప్రశ్న వేసుకొన్న శ్వేతాశ్వతరోపనిషత్తు కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛలను వేరువేరుగా లెక్కించింది.

తెలుగులో ‘అదృష్టం’ ఇంటింటి మాట అయింది. ‘యదృచ్ఛ’ పండితుల దగ్గరే ఉండిపోయి, ‘యాదృచ్ఛికంగా’ అనే రూపంలో రాతభాషకు పరిమితమైంది. వాడుకలో ఆ రెంటినీ ఒకే మాట మోస్తోంది. అయినా ‘అదృష్టం’ తన కర్మవాసనను పూర్తిగా వదులుకోలేదు. ‘అదృష్టవంతుణ్ణి చెరపలేరు, దురదృష్టవంతుణ్ణి బాగుచేయలేరు’ అనే సామెతలో అది ఒకనాటి సంఘటన కాదు, మనిషికి అంటిపెట్టుకొన్న గుణం. ‘తలరాత’, ‘నొసటిరాత’, తమిళంలో ‘తలైయెళుత్తు’ కూడా రాసిపెట్టినదానినే చెబుతాయి. రాసిపెట్టినది యాదృచ్ఛికం కాజాలదు. ‘దరిద్రుడు తల కడగబోతే వడగళ్ల వాన’ అనే సామెత దీనికి పరాకాష్ఠ. ఆకాశం కూడా వాడి జాతకం చూచే కురుస్తుంది.

‘భాగ్యం’ చరిత్ర మరొక దారి. దానికి మూలం భాగం, అంటే వాటా. ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఉన్న ‘లాట్’ అనే మాట సరిగ్గా ఇలాగే వాటానూ విధినీ చెప్పి, చివరికి ‘లాటరీ’కి పుట్టినిల్లయింది. తెలుగు ‘పాలు’ కూడా ఈ జాతిదే. ‘నా పాలిట దేవుడు’, ‘వాడి పాలబడ్డాను’ అనేటప్పుడు పాలు అంటే వంతుగా వచ్చినది. పులికాట్ జాలర్లలో ‘పాడు’ అనే పాత కట్టుబాటు ఉంది. సరస్సులోని మంచి వేటస్థలాలు ఎవరికీ శాశ్వతంగా దక్కకుండా వంతుల మీద తిరుగుతుంటాయి. ఈ రోజు వల నిండడం వంతు వల్లనా, యోగం వల్లనా అని అక్కడ విడదీసి అడగడం కష్టం. భాగ్యం అనే మాట పుట్టినప్పటి సామాజిక స్థితికి ఈ కట్టుబాటు చక్కని వ్యాఖ్యానం.

నక్క ముఖం, నక్క తోక

అనుకోని మేలు జరిగినవాడిని తెలుగువారు ‘నక్క తోక తొక్కి వచ్చావా?’ అని అడుగుతారు. తమిళులు ‘నరి ముగత్తిల్ ముళిత్తాయా?’ అని, అంటే నక్క ముఖం చూచి నిద్ర లేచావా అని అడుగుతారు. జంతువు ఒకటే. ఒక భాష దానిని ముఖం వైపు నుంచి, మరొకటి తోక వైపు నుంచి పట్టుకొంది. నిద్ర లేవగానే కనబడిన ముఖం దినఫలాన్ని నిర్ణయిస్తుందనే భావన తెలుగులోనూ ఉంది. ‘ఎవరి ముఖం చూచి లేచానో’ అన్న నిట్టూర్పు సాధారణంగా చెడు జరిగినప్పుడే వినిపిస్తుంది. నక్క ప్రసక్తిలో మాత్రం తెలుగు చూపును వదిలి అడుగును ఎంచుకొంది. పైన చెప్పిన తీగ కూడా కాలికే తగిలింది. ఇంతమాత్రాన సిద్ధాంతం కట్టడం తొందరపాటు, కాని ఈ ఉదాహరణలను ఒకచోట చేర్చి చూడవలసిన అవసరం ఉంది. అదే నక్క దురదృష్టానికీ ఆలంబనమైంది. ‘మూలుగుతున్న నక్క మీద తాటికాయ పడ్డట్లు’ అన్న సామెతలో కాయ పడుతుంది, తగలదు. మేలు కాలికి తగిలితే కీడు నెత్తిన పడుతుంది.

పుట్టుకకు సంబంధించిన నమ్మకాలలో భాషల తేడా ఇంకా పదునుగా కనిపిస్తుంది. ఉల్బపు పొర తలకు అంటుకొని పుట్టిన బిడ్డను ఫ్రెంచివారు ‘టోపీతో పుట్టాడు’ అంటారు, అదృష్టవంతుడని భావం. ఇంగ్లండులోనూ ఆ పొర కలిసివస్తుందని నమ్మి నావికులు కొనుక్కొనేవారు. డికెన్స్ నాయకుడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ అలా పుట్టినవాడే. తెలుగు ఇళ్లలో పేగు మెడలో వేసుకొని పుట్టిన బిడ్డను చూచి దిగులుపడేది మేనమామ కోసం. అతడు బిడ్డ ముఖాన్ని ముందుగా నూనెలో చూడాలంటారు. అక్కడ అదృష్టం పుట్టినవాడి సొంత సొత్తు, ఇక్కడ శుభాశుభాలు బంధుత్వం వెంట నడుస్తాయి.

అంకెల విషయం చూస్తే, పదమూడు మీద భయం ఇంగ్లీషుతో వచ్చినదే. తెలుగువారికి త్రయోదశి మంచి తిథి. ఫ్రాన్సులో ఆ తేదీ శుక్రవారంతో కలిస్తే కీడని జంకేవారూ ఉన్నారు, ఆనాడే ప్రత్యేక లాటరీ చీటీలు కొనేవారూ ఉన్నారు. తడకు సమీపంలోని శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ వాహనాల వరుసలో సి12 తరువాతది సి14. సి13 లేదు. అదే శ్రీహరికోట నుంచి 2011 అక్టోబరు 12న భారత–ఫ్రెంచి ఉమ్మడి ఉపగ్రహం మేఘా–ట్రాపిక్స్, 2013 ఫిబ్రవరి 25న సరళ్ నింగికెగశాయి. ప్రయోగాలకు ముందు ఇస్రో అధ్యక్షులు తిరుమలనూ సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడినీ దర్శించడం ప్రతిసారీ వార్త అవుతుంది, విమర్శలూ వస్తాయి. విమర్శకులు దానిని అదృష్టం కోసం చేసే పనిగా చూస్తారు. తెలుగు నుడికారంలో మాత్రం అది ‘అమ్మవారికి చెప్పుకోవడం’. ఆ రెండు మాటల మధ్య దూరం గుర్తించకపోతే వాదం ఎటూ తెగదు.

ప్రయాణమయ్యేవారికి ఫ్రెంచివారు ‘బాన్ షాన్స్’ అనీ ‘బాన్ కురాజ్’ అనీ రెండు విధాలుగా చెబుతారు. మొదటిది ఫలితం చేతిలో లేనప్పుడు, రెండవది శ్రమ ముందున్నప్పుడు. రెండవదానికి ఇంగ్లీషులో సరైన జోడు లేక నేర్చుకొనేవారు ‘గుడ్ లక్’తోనే సరిపెట్టుకొంటారు. తెలుగులో ‘నీకు అదృష్టం కలుగుగాక’ అని సాగనంపే వాడుక ఏర్పడలేదు. పెద్దలు ‘క్షేమంగా వెళ్లి లాభంగా రండి’ అన్నారు, ‘జయం’ అన్నారు, ‘శుభం’ అన్నారు. కోరింది ఫలితాన్ని, దానిని తెచ్చే కనబడని శక్తిని కాదు. ఆ ఖాళీలోకే ఈనాటి పరీక్షల వేళ ‘ఆల్ ది బెస్ట్’ వచ్చి కూర్చుంది. శ్రీసిటీలో ఫ్రాన్సుకు చెందిన ఆల్‌స్టామ్ మెట్రో రైలుపెట్టెలు తయారుచేస్తోంది. అటువంటి కర్మాగారాల చుట్టూ ఫ్రెంచి, ఇంగ్లీషు, తమిళం, తెలుగు రోజూ కలుస్తుంటే ఇటువంటి ఖాళీలు ఇంకా ఎన్నో బయటపడతాయి. ‘ఛాన్సే లేదు’ అన్నదే చూడవచ్చు. తెలుగులో అది తిరస్కారం. చెన్నై తమిళంలో ‘చాన్సే ఇల్ల’ సాటిలేదనే మెచ్చుకోలు కూడా.

చట్టం ముందు అదృష్టం

ఇంతవరకు చూచినది నుడికారపు సొగసుగా తోచవచ్చు. న్యాయస్థానంలో ఇది మనిషి స్వేచ్ఛకు సంబంధించిన విషయం. భారతీయ జూదచట్టాలు ఆటలను నైపుణ్యం మీద నడిచేవి, ఛాన్స్ మీద నడిచేవి అని రెండుగా విడదీస్తాయి. ఈ విభజనకు ఆధారంగా దేశమంతటా ఉదహరించే తీర్పులలో ఒకటి తెలుగు నేలదే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడించడం నేరమా అన్న వ్యాజ్యంలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం – కె. సత్యనారాయణ కేసుగా, సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు చెప్పింది. రమ్మీలో ముక్కలు పడే తీరును గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యక్రీడ అని దాని సారాంశం. మూడుముక్కలాటను మాత్రం కేవలం ఛాన్స్ కింద వేరుచేసింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినప్పుడు ఈ పాత విభజనే మళ్లీ చర్చకు వచ్చింది.

ఆ చర్చను తెలుగులో రాసినవారు ‘గేమ్ ఆఫ్ ఛాన్స్’ను ‘అదృష్టంపై ఆధారపడిన ఆట’ అన్నారు. శాస్త్రార్థంలో అదృష్టం ఆడేవాడి పూర్వకర్మ ఫలం, అంటే వాడి సొంత ఆర్జన. చట్టం చెప్పేది అందుకు విరుద్ధం. ఆడేవాడి ప్రమేయమేదీ లేని ఫలితం గురించి అది మాట్లాడుతోంది. తెలుగు చదివిన సామాన్యుడికి అందే భావం మూడవది: ‘నాకు అదృష్టం ఉంటే గెలుస్తాను’. ఓడిన ప్రతిసారీ తన రాతను తిట్టుకొని మళ్లీ ఆడేవాడిని ఆ అనువాదం హెచ్చరించదు, పైపెచ్చు ఊరిస్తుంది. ‘యాదృచ్ఛిక క్రీడ’ అని ఉంటే నోరు తిరగకపోవచ్చు, కాని అందులో ‘నాకు’ అనే మాటకు చోటు ఉండదు.

19వ శతాబ్దపు నిఘంటుకర్తల మీద ఈ బాధ్యత కొంత ఉంది. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లోనూ, కార్ కూర్చిన ఆంధ్రలోకోక్తిచంద్రిక 1868లోనూ వెలువడ్డాయి. రెండు వేలకు పైగా సామెతలను ఇంగ్లీషు అనువాదంతో, పలుచోట్ల ఐరోపా సామ్యాలతో అందించిన కార్ కృషి సామాన్యమైనది కాదు. ఈనాటికీ సామెతల పరిశోధన అక్కడ మొదలుకాక తప్పదు. సామ్యం చూపడమే లక్ష్యమైనప్పుడు తేడా చెప్పే తీరిక ఉండదు. తరువాతి ద్విభాషా నిఘంటువులు ఆ పద్ధతినే పట్టుకొని విధి, దైవం, అదృష్టం, భాగ్యాలకు ‘లక్’, ‘ఫార్చూన్’, ‘ఫేట్’ అనే మూడు నాలుగు మాటలను అటూ ఇటూ మార్చి ఇస్తూ వచ్చాయి. ఫ్రెంచివారి కోసం ఇంగ్లీషు పాఠాలు రాసినవారు ‘షాన్స్’ పక్కన ‘ఛాన్స్’ పెట్టి, ఇవి ఒకటి కావని ముందే హెచ్చరిస్తారు. తెలుగు నిఘంటువులో ‘ఛాన్స్’ ఆరోపానికి కనీసం మూడు విభాగాలు కావాలి. ‘సినిమాలో ఛాన్సు’కు అవకాశం, ‘వాన పడే ఛాన్సు’కు సంభావ్యత, ‘గేమ్ ఆఫ్ ఛాన్స్’కు యదృచ్ఛ. ‘అదృష్టం’ ఆ మూడింటిలో దేని కిందికీ రాదు. దానిని ‘లక్’ దగ్గర, ఒక వివరణతో సహా, విడిగా ఉంచాలి.